పన్నెండంగుళాల స్కేలు, చవక సైకిలు

బందరులో మా వీధి మలుపున సైకిల్ షాపు నడిపే బాబాయ్ ఒకరోజు మా అబ్బాయి స్కూలు బ్యాగులోంచి పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ స్కేలు లాగి వాడి సైకిలు చైను మీద ఆనించాడు. ఒక పిన్ను నడిమధ్యన సున్నా గీత పెట్టి, అక్కణ్ణుంచి 24వ పిన్ను ఎక్కడ పడిందో చూడమన్నాడు. చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం. కొత్త చైనయితే ఆ పిన్ను 12 గీత మీదే కూర్చోవాలి. మాది గీత దాటి, స్కేలు చివర అంకెలు లేని అంచు మీదికి పోయింది.

“పదహారో వంతు అంగుళం సాగితే మార్చుకోవాలి మాస్టారూ. ఎనిమిదో వంతు దాకా ఉంచితే ఫ్రీవీలు పళ్ళూ చైన్‌వీలు పళ్ళూ కూడా తినేసుద్ది. ఇది తినేసింది,” అన్నాడు. సైకిలు కొని అప్పటికి పద్నాలుగు నెలలు.

చైను ‘సాగడం’ అంటాం గానీ ఇనుము సాగదు. పిన్నులూ వాటి చుట్టూ ఉండే బుష్షులూ దుమ్ముతో ఒరుసుకుని తలా కాస్త అరుగుతాయి. నూటికి పైగా ఉన్న లింకుల్లో ఆ తలా కాస్తా కలిసి అర అంగుళం దాకా అవుతుంది. వారానికోసారి గుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె వేసుంటే ఇంత త్వరగా వచ్చేది కాదు. అది మా తప్పే, ఒప్పుకుంటాను. అయితే ఆ రోజు షాపు ముందు స్టూలు మీద కూర్చుని పద్నాలుగు నెలల ఖర్చు వేళ్ళ మీద లెక్కేసుకుంటే, తప్పంతా మాదే కాదనిపించింది. చవక సైకిలు ఎన్నాళ్ళు మన్నుతుంది, దాన్ని తిప్పుకోవడానికి ఏటా ఎంతవుతుంది అన్న ప్రశ్నను పట్టుకుని, అప్పటినుంచి షాపుల్లోనూ పుస్తకాల్లోనూ కొంత తిరిగాను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు సగం ఇళ్ళలో సైకిలుంది. ఆ ఇళ్ళలో చాలావాటికి అది సరదా వస్తువు కాదు. అది ఆగితే ఆ రోజు బడో కూలో ఆగుతుంది.

ముందు మా లెక్క చెబుతాను. సైకిలు ఖరీదు 6,500 రూపాయలు. ముందు షాకులు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు, వెనక ఏడు గేర్లు, లావు టైర్లు. మా వీధి ధరల్లో అయిదు పంచర్లకు 200, ఒక ట్యూబుకు 150, బ్రేకు వైర్లకూ ప్యాడ్లకూ 180, వెనక యాక్సిలు రెండుసార్లు వంగితే కూలితో కలిపి 400, విరిగిన చువ్వలు వేసి చక్రం వంకర తీసినందుకు మూడుసార్లకు 300. ఇప్పుడీ చైనూ, ఫ్రీవీలూ, క్రాంకుతో సహా చైన్‌వీలూ కలిపి 800. మొత్తం 2,030. బడి మూడు కిలోమీటర్లు. ఏడాదికి 220 పనిదినాలంటే రానూపోనూ 1,320 కిలోమీటర్లు, పద్నాలుగు నెలలకు 1,500 అనుకుందాం. కిలోమీటరుకు రూపాయి 35 పైసలు పడింది. లీటరు పెట్రోలు వంద దాటిన ఈ రోజుల్లో లీటరుకు యాభై కిలోమీటర్లిచ్చే స్కూటరుకు పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు రెండు రూపాయల పైచిలుకు. కాళ్ళతో తొక్కే బండికి, నూనె తాగని బండికి, స్కూటరు తాగే పెట్రోలులో సగానికి మించి పోసినట్టయింది. కొన్న ఖరీదు దీనిలో కలపనే లేదు.

ఇదే వీధిలో మా నాన్నగారి నల్ల సైకిలు కూడా ఉంది. ఏడాదికోసారి ఓవరాయిలింగ్‌కు 350, పంచర్లకు ఓ 200, బ్రేకు రబ్బర్లకు, మూడేళ్ళకోసారి వేసే టైర్లకు ఏటి వాటాగా ఇంకో 250. మొత్తం ఎనిమిది వందలు. ‘ఓవర్‌హాలింగ్’ మన షాపుల్లో ‘ఓవరాయిలింగ్’ అయిపోయింది గానీ, నన్నడిగితే తెలుగు మాటే అసలుకన్నా అర్థవంతం. జరిగే పనిలో మూడొంతులు నూనే గ్రీజే.

నల్ల సైకిలు గట్టిది, కొత్తవి డొల్లవి అని చెప్పి ఊరుకోవడం సులువు. అది పూర్తి నిజం కాదు. నల్ల సైకిలు కూడా చవక సైకిలే, మామూలు ఇనుముతో చేసిందే. దానిలోనూ అన్నీ అరుగుతాయి, వదులవుతాయి. ఇంగ్లండు రాలీ, హంబర్ సైకిళ్ళ నమూనా అది: 28 అంగుళాల చక్రాలు, ముందు 32 చువ్వలు, వెనక 40, వైర్లకు బదులు ఇనప కడ్డీలతో లాగే బ్రేకులు, ఇరవై కిలోల పైన బరువు. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులు తగ్గి ఇక్కడే ఫ్యాక్టరీలు లేచాయి. 1949లో మద్రాసు పక్క అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో. 1986 నాటికి ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా హీరో పేరు గిన్నిస్ పుస్తకానికెక్కింది. పేర్లు వేరు, డబ్బాల మీది బొమ్మలు వేరు. లోపల తిరిగే కప్పులూ, కోన్లూ, గోళీలూ మాత్రం ఒకే కొలత. లూథియానా సందుల్లోని చిన్న చిన్న కార్ఖానాలు ఒకడు పెడళ్ళు, ఒకడు హబ్బులు, ఒకడు నిపుల్సు చేసి అందరికీ అమ్మేవి. ఆ కొలతే దేశం మొత్తానికి కొలతయింది. అందుకే 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడినా, మా వీధిలో అట్లాస్ ఉన్నవాళ్ళు ఎవరూ కంగారుపడలేదు. వాళ్ళకు కావలసిన కప్పు బాబాయ్ డ్రాయరులో ఉంది.

కాటర్ పిన్ను సంగతి చూడండి. నల్ల సైకిలుకు పెడల్ ఉండే క్రాంకును యాక్సిలుకు పట్టి ఉంచేది చిటికెన వేలంత ఇనప మేకు. ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది, రెండో కొసకు మర. అది వదులైతే పెడల్ తిప్పిన ప్రతిసారీ మోకాలికి ‘టక్కు’మని తెలుస్తుంది. బాబాయ్ క్రాంకు కింద ఒక ఇనప గొట్టం నిలబెట్టి, పాత పిన్నును సుత్తితో దించి, కొత్తదాని ఏటవాలును ఆకురాయితో రెండుసార్లు గీసి చూసుకుని, కొట్టి, నట్టు బిగించి, మళ్ళీ కొట్టి, మళ్ళీ బిగిస్తాడు. అయిదు నిమిషాల పని. వదులుగా రెణ్ణెల్లు తొక్కినా పాడయ్యేది ముఖ్యంగా ఆ పిన్నే. మా వాడి సైకిలుకు కాటర్ పిన్ను లేదు. యాక్సిలు కొస నలుచదరంగా ఉంటుంది, క్రాంకులో నలుచదరపు రంధ్రం, బయట ఒక బోల్టు. నిజానికి ఇది మెరుగైన పద్ధతే. ఖరీదైన సైకిళ్ళలో ఏళ్ళ తరబడి కదలదు. కానీ చవక సైకిల్లో క్రాంకు మెత్తటి లోహం, బిగించినవాడికి తొందర. కాస్త వదులై నాలుగు రోజులు తొక్కితే ఆ చదరపు రంధ్రం గుండ్రబడుతుంది. ఒకసారి గుండ్రబడిందా, ఎంత బిగించినా నిలవదు. క్రాంకే మార్చాలి. మాకు అయింది అదే.

మన్నికలో నాకు కనిపించిన కీలకం ఇక్కడే ఉంది. అరిగే చోట ఒక చవక ముక్క పెట్టి, ఆ ముక్క పోతే మిగతాది బతికేలా చేశారా లేదా? పదిరూపాయల వస్తువు తాను అరిగి మూడువందల వస్తువును కాపాడితే అది మంచి చవక సైకిలు. పదిరూపాయల వదులు మూడువందల వస్తువును మింగితే ఎంత తళతళలాడినా అది ఖరీదైన సైకిలే. మిగతా చర్చంతా నాకు ఈ ఒక్క తేడాకు వ్యాఖ్యానంలా కనిపిస్తుంది.

యాక్సిలు వంగిన కథ కూడా అంతే. ఒక్క గేరు సైకిలుకు వెనక హబ్బులో గోళీల కప్పులు రెండు కొసలకూ దగ్గరగా ఉంటాయి, బరువు సమంగా పడుతుంది. ఏడు పళ్ళచక్రాలు పెట్టాలంటే వాటికి చోటు కావాలి; కుడివైపు కప్పు లోపలికి జరుగుతుంది. దానికి అవతల మూడు నాలుగు సెంటీమీటర్ల యాక్సిలు ఏ ఆసరా లేకుండా గాల్లో ఉంటుంది. వెనక క్యారియరు మీద తమ్ముణ్ణి ఎక్కించుకుని గుంతలో దింపితే వంగక ఏం చేస్తుంది? దీనికి మందు కనిపెట్టి ఎన్నో ఏళ్ళయింది. ఫ్రీవీలును హబ్బులోనే కలిపేసి, గోళీల కప్పును చివరిదాకా తెచ్చే పద్ధతిని జపాను కంపెనీ షిమానో 1970ల చివర్లోనే వాడుకలోకి తెచ్చింది. చవక గేరు సైకిళ్ళకు మాత్రం ఇప్పటికీ పాత మర ఫ్రీవీలే వేస్తారు. మర్రిచెట్టు కింద మొలిచిన మొక్కలా ఆ మందు ఈ ధరల దాకా ఎదిగి రాలేదు.

చక్రం గురించి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే చవక సైకిలు మొదట చచ్చేది అక్కడే. బాబాయ్ చక్రం చూసేటప్పుడు ముందు కళ్ళతో చూడడు. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, చువ్వలను వరసగా గోటితో మీటుతాడు. మంచి చక్రంలో ఒక పక్క చువ్వలన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలుకుతాయి. మా వాడి చక్రంలో ఒకటి ‘టింగ్’ అంటే పక్కది ‘డబ్’ అంది. సవారీ చేసేటప్పుడు నేలకు తాకే పక్కనున్న చువ్వలు ఒక్క క్షణం వదులై మళ్ళీ బిగుస్తాయి. బిగువు సరిపడా ఉంటే ఆ తేడా చిన్నది, చువ్వ ఓర్చుకుంటుంది. ముందే వదులుగా ఉంటే ప్రతి చుట్టుకూ పూర్తిగా సడలి, మళ్ళీ గుంజుకుంటుంది. 26 అంగుళాల చక్రం కిలోమీటరుకు 480 చుట్లకు పైగా తిరుగుతుంది. మా వాడు బడికి పోయి రావడంతోనే ఏడాదికి ఆరు లక్షల పైచిలుకు చుట్లు. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో తెగినట్టే, చువ్వ హబ్బు దగ్గర వంపు తిరిగిన చోట పుటుక్కుమంటుంది. ఒకటి పోతే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది, మరుసటి నెలలో ఇంకోటి. విరిగిన చువ్వ మాత్రం వేయించుకుని వచ్చేస్తే డబ్బు దండగ. మొత్తం చక్రం శ్రుతి చేయించాలి. కొత్త సైకిలు కొన్న నెలలోపే ఆ పని చేయిస్తే మరీ మంచిది. నూటయాభై రూపాయలతో పోయేది, మాకు ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు. ఏనుగును కొని అంకుశానికి బేరమాడే రకం మనుషులం మేము.

ఆ నూటయాభై పని అసలు అమ్మే షాపులో జరగాల్సింది. సైకిలు ఫ్యాక్టరీ నుంచి విడి భాగాలుగా అట్టపెట్టెలో వస్తుంది. హ్యాండిలు, పెడళ్ళు, బ్రేకులు, ముందు చక్రం బిగించేది దుకాణంలో కుర్రాడు. అతనికి సైకిలుకింత అని కూలి, బడులు తెరిచే జూన్ నెలలో రోజుకు ఎన్ని బిగిస్తే అంత. హబ్బులో కోను గట్టిగా ఉందా, గ్రీజు ఉందా, క్రాంకు బోల్టు పూర్తిగా కూర్చుందా అని చూసే తీరిక ఉండదు. నేను కొన్న దుకాణంలో మా సైకిలు బిగించడానికి పట్టిన సమయం నేను టీ తాగి వచ్చినంత. 2022లో అమెరికాలో సైకిల్ మెకానిక్కులు కలిసి ఒక విజ్ఞప్తి మీద సంతకాలు చేశారు. పెద్ద పెద్ద సూపర్‌బజార్లలో అమ్మే చవక సైకిళ్ళు తొంభై గంటలు తొక్కేలోపే విడిపోతున్నాయని, వాటిని బాగుచేయడం అసాధ్యమని, ఇలాంటివి చేయడం ఆపమని వాళ్ళ గోడు. చదువుతుంటే బాబాయ్ మాటలే ఇంగ్లీషులో విన్నట్టనిపించింది. మా వాడు రోజుకు అరగంట చొప్పున తొంభై గంటలు తొక్కడానికి 180 రోజులు, అంటే ఒక చదువుల ఏడాది కూడా నిండదు.

ఇక షాకులూ డిస్కులూ. పైన పటారం లోన లొటారం అన్న మాట వీటికోసమే పుట్టిందేమో. ఈ ధరలో వచ్చే ముందు షాకు అంటే గొట్టంలో ఒక స్ప్రింగు, చుట్టూ ప్లాస్టిక్ బుష్షు. అదురును అణిచే ఏర్పాటేదీ ఉండదు, ఊగుతుంది, అంతే. ఏడాదికి బుష్షు అరిగి హ్యాండిలు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. మా ఊరు సముద్రం పక్కన. ఉప్పుగాలికి ఆ స్ప్రింగు తుప్పుపట్టి ఊగడం కూడా మానేసింది. డిస్కు బ్రేకు వానలో బాగా పట్టే మాట నిజమే. చవక డిస్కులో ఒక పక్క ప్యాడే కదిలి, పళ్ళేన్ని రెండో ప్యాడు మీదికి వంచుతుంది. తరచూ సరిచేయకపోతే పట్టదు. స్కూలు స్టాండులో సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడితే మొదట వంకరపోయేది ఆ పళ్ళేమే.

నల్ల సైకిలు తప్పులు కూడా చెప్పాలి. వానలో దాని బ్రేకులు దేవుడి మీద భారం. మెరుపు పూత పూసిన ఇనప రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది తప్ప పట్టదు. ఇది లోకమంతా ఒప్పుకున్న లోపం, అల్యూమినియం రిమ్ము దీనికన్నా ఎంతో నయం. బరువెక్కువ, ఎదురుగాలిలో ప్రాణం తీస్తుంది, పన్నెండేళ్ళ పిల్లలకు అడ్డకడ్డీ కిందనుంచి తొక్కడం తప్ప గతిలేదు. మన తరం వాళ్ళం కత్తెర తొక్కుడు గురించి ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, మోకాళ్ళ మీది మచ్చలు వేరే కథ చెబుతాయి. ఇంకొకటి. నల్ల సైకిలు అంత కాలం నడిచింది దాని గొప్పతనం ఒక్కదానితోనే కాదు, వీధివీధికీ షాపులుండబట్టి. గంటకింత అని అద్దె సైకిళ్ళు తిప్పిన కాలంలో ఒకే సైకిలును రోజుకు పదిమంది, అందులో సగంమంది నేర్చుకుంటున్నవాళ్ళు, కిందా మీదా పడేసేవారు. అంతకుమించిన మన్నిక పరీక్ష ఏ ల్యాబులో ఉంటుంది? అవి ఏళ్ళ తరబడి నిలిచాయంటే రాత్రి షట్టరు దించేముందు షాపతను ప్రతిదానికీ గాలి చూసి, నట్లు బిగించబట్టే. జార్ఖండ్‌లో బొగ్గు మూటలు మోసే సైకిళ్ళు చూడండి. రెండు క్వింటాళ్ళకు పైగా కట్టి, తొక్కకుండా నెట్టుకుంటూ పోతారు. వాటికి అదనపు కడ్డీలు అతికించి బలం చేసేదీ అక్కడి మెకానిక్కులే.

ప్రభుత్వాలు పంచే సైకిళ్ళ దగ్గరికి వస్తే ప్రశ్న కొంచెం మారుతుంది, దాని బరువు పెరుగుతుంది. బీహారులో 2006లో మొదలైన పథకంలో తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోమని 2,000 రూపాయలిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో హైస్కూలులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందని తేలింది. తమిళనాడు 2001 ప్రాంతం నుంచే పంచుతోంది. పశ్చిమ బెంగాల్ 2015లో ‘సబుజ్ సాథీ’ మొదలుపెట్టి కోటికి పైగా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు బాలికలకిచ్చారు. సైకిలు చేతికొస్తే పిల్ల బడికొస్తుందన్నది రుజువైన సంగతే. నా అనుమానమంతా ఆ తర్వాతి మాట గురించి. టెండరులో తక్కువ ధర వేసినవాడికి పని దక్కే పద్ధతిలో లక్షల సైకిళ్ళు ఒకేసారి దిగితే, బిగింపు జూన్ నెల కుర్రాడి బిగింపుకన్నా ఏం మెరుగ్గా ఉంటుంది? బీహారు పద్ధతిలో తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని తెలిసిన షాపుకు పోయి, గీసి గీసి బేరమాడి, నచ్చింది తెచ్చుకుంటాడు. చెడితే ఆ షాపతన్నే నిలదీస్తాడు. పంపిణీ సైకిలుకు నిలదీయడానికి మనిషుండడు. డబ్బు దారి తప్పుతుందన్న భయం వల్ల వస్తువే ఇవ్వాలన్నవాళ్ళ వాదన నాకు తెలుసు, కొట్టిపారేయను. వస్తువిచ్చినా సరే, సైకిలుతో పాటు ఏడాదికి ఒక ఓవరాయిలింగ్ కూపను, అదీ ఊళ్ళో షాపులో చెల్లేది, ఇస్తే నా పోరు సగం తీరుతుంది. మా లెక్కన 350 రూపాయలు.

తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్న సంగతి జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ రాశారు. అందులో నాకు గుర్తుండిపోయిన చిన్న వివరం, చాలామంది ఆడవాళ్ళు లేడీస్ సైకిలు కాదని అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ళ సైకిలే కావాలన్నారు. ఆ కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని. అవసరమున్నవాళ్ళు వస్తువును చూసే చూపు అలా ఉంటుంది. అమ్మేవాడి కంటికి అది తొక్కడానికి అడ్డొచ్చే కడ్డీ, ఆ తల్లికి పిల్లకిచ్చే సీటు.

చైనాలో 2016, 2017లలో వీధివీధినా అద్దె సైకిళ్ళు దింపిన కంపెనీలు రెండు ఈ మన్నిక ప్రశ్నకు రెండు కొసల నుంచి జవాబు రాశాయి. ఒఫో చవకవి లక్షలకు లక్షలు దింపింది. అవి త్వరగా విరిగి, తీసిపారేసిన సైకిళ్ళ గుట్టలు ఫొటోలకెక్కాయి. మోబైక్ తన మొదటి నమూనాను గాలి అక్కర్లేని గట్టి టైర్లతో, చైనుకు బదులు కడ్డీతో తిరిగేలా, నాలుగేళ్ళు మరమ్మతు లేకుండా నడవాలని చేసింది. ఖరీదెక్కువ, తొక్కడం బరువు. చివరికి రెండో రకం కూడా తేలికపడక తప్పలేదు. మరమ్మతే వద్దనుకునే సైకిలు, మరమ్మతుకు లొంగని సైకిలు, రెండూ మెకానిక్కును లెక్కలోంచి తీసేసినవే.

ఆఫ్రికా పల్లెల కోసం వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ చేసే బఫెలో సైకిలు దీనికి ఎదురు చివర. శ్రీలంక సునామీ తర్వాత 2005లో పుట్టిన సంస్థ అది. బఫెలోకు వెనక్కి తొక్కితే పడే బ్రేకు, వంద కిలోలు మోసే క్యారియరు, లావు చువ్వలు. బరువులో మన నల్ల సైకిలుకు అన్న. గేరు కావాలన్నవాళ్ళ కోసం ఈమధ్య తెచ్చిన నమూనాలో రెండు చైన్లు, రెండు ఫ్రీవీళ్ళు పెట్టారు. వెనక్కి కాస్త తొక్కితే గేరు మారుతుంది, వంగడానికీ విరగడానికీ బయట వేలాడే గేరు మీట లేదు. ఆ రెండు చైన్ల ఆలోచన నాకు భలే నచ్చింది. అంతకన్నా ముఖ్యం, సైకిళ్ళతో పాటు ఊళ్ళలో మెకానిక్కులకు శిక్షణిచ్చి, విడిభాగాలు అమ్మే దుకాణాలు పెట్టించారు. మనకు ఆ దుకాణాలు ఒకప్పుడు ఎవరూ పెట్టించకుండానే ఉండేవి.

ఇప్పుడు తగ్గిపోతున్నాయి. బాబాయ్ కొడుకు ఫోన్లు బాగుచేసే షాపు పెట్టాడు. పంచరుకు నలభై తీసుకుంటే అందులో ప్యాచీ సొల్యూషనూ పోను మిగిలేదెంత? పల్లేరుకాయలున్నన్నాళ్ళూ పంచర్లుంటాయి గానీ, రోజుకు అయిదారు పంచర్లతో ఇల్లు నడవదు. కొత్త సైకిళ్ళకు స్కూటరు వాల్వు ట్యూబులు రావడంతో గాలి కోసం పెట్రోలు బంకుకు పోయేవాళ్ళు కొందరు. అక్కడి పైపు జోరుకు ట్యూబు పేలిపోయి మళ్ళీ బాబాయ్ దగ్గరికే వస్తారనుకోండి. పాత రబ్బరు వాల్‌ట్యూబు మా రోజుల్లో పది పైసలకు దొరికేది. ఇప్పుడు దాన్ని ఎవరు అడిగినా నవ్వుతారు. షాపులు పోతున్నా కొత్త దారులు మాత్రం వస్తున్నాయి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి సౌరఫలకాల పైకప్పుతో 2023 అక్టోబరులో తెరిచారు. చూశాను, బాగుంది, ఎండ తగలదు. ఆ దారిలో నాకు నల్ల సైకిలు ఒక్కటీ కనబడలేదు. ఇక పన్ను సంగతి: 2017 నుంచి సైకిళ్ళ మీద 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది, విడిభాగాలకూ దిగింది. మంచిదే. మా 2,030లో దాని వల్ల మిగిలేది వంద కూడా ఉండదు. మా ఖర్చులో ఎక్కువ భాగం అవసరంలేని ముక్కలు పాడవడం వల్ల వచ్చింది.

ఎవరైనా అడిగితే చెబుతున్నాను: ఆరువేల లోపు కొనేటట్టయితే గేర్లు లేనిది, షాకులు లేనిది, ముందు వెనక మడ్‌గార్డులున్నది చూడండి. మడ్‌గార్డు లేకపోతే బురదంతా చైను మీదికే. ఇలాంటివి ఇప్పటికీ దొరుకుతాయి, దుకాణంలో వెనక వరసలో ఉంటాయి. మిగిలిన అయిదారు వందలు మీ వీధి మెకానిక్కు చేతిలో పెట్టి, చక్రాలు శ్రుతి చేయించి, హబ్బులు విప్పించి గ్రీజు పెట్టించి, క్రాంకు బోల్టులు బిగింపించండి. మా అబ్బాయి ముందు ఈ మాట అంటే మొహం మాడ్చుకుంటాడు. వాడికి షాకులు కావాలి. క్లాసులో అందరికీ ఉన్నాయి.

బాబాయ్ ఆ రోజు చైనూ ఫ్రీవీలూ క్రాంకూ మార్చి, ఊగని షాకు ఫోర్కును కూడా తీసేస్తానన్నాడు. వెనక గోడకు వేలాడే పాత ఇనప ఫోర్కు ఒకటి సరిపోతుందట, దానికి డబ్బు వద్దన్నాడు. డిస్కు దానికి పట్టదు కాబట్టి ముందు మామూలు రబ్బరు బ్రేకు. మా వాడు నావైపు చూశాడు, నేను బాబాయ్ వైపు చూశాను. “వారం తొక్కి చూడు బుల్లోడా, నచ్చకపోతే నీ డాన్సింగు ఫోర్కు నీకే బిగిస్తా,” అన్నాడు బాబాయ్. వాడు ఒప్పుకున్నాడు గానీ, ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

వారం దాటి రెణ్ణెల్లయింది. ఫోర్కు మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. స్కేలు మీద 11కీ 12కీ మధ్య నల్లటి గ్రీజు మరక అలాగే ఉంది. కిరసనాయిలుతో తుడుస్తానంటే వద్దన్నాడు. మొన్న ఆదివారం వరండాలో చప్పుడైతే తొంగి చూశాను. ఎదురింటి కుర్రాడి సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, చైను మీద స్కేలు ఆనించి, ఇరవై నాలుగు లెక్కపెడుతున్నాడు.